తెర మీద నీలం, కాగితం మీద వంగపండు: అచ్చుకు పంపిన ఫైలులో ఏం జరుగుతుంది?

విశాఖ రామకృష్ణా బీచ్‌లో తెల్లవారుతుండగా ఫోనుతో తీసిన ఫోటో ఒకటి అనుకుందాం. సముద్రం, ఆకాశం కలిసేచోట మెరిసే నీలం. కళాశాల వార్షిక సంచికకు అదే అట్ట అని నిర్ణయిస్తారు. ఫోనులో చూసినవారంతా బాగుందంటారు. వెయ్యి ప్రతులు అచ్చయి వచ్చేసరికి ఆ నీలం వెలసిపోయి వంగపండు ఛాయకు తిరిగి ఉంటుంది. శీర్షికలో ఒక ఒత్తు విడిపోయి అక్షరం పక్కన నిలబడి ఉంటుంది. అడుగున ఉన్న ఫోను నంబరులో చివరి అంకె సగం తెగిపోయి ఉంటుంది. మేం పంపింది ఇది కాదని సంచిక వేయించినవారు, మీరు పంపిందే వేశామని ప్రెస్సువారు వాదించుకుంటారు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజమే.

శుభలేఖలు, ఉత్సవ ఆహ్వానాలు, కరపత్రాలు, సొంత ఖర్చుతో వేసుకునే కవితా సంపుటాలు ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోనో, ఫోనులోనో తయారై ప్రెస్సుకు చేరుతున్నాయి. దాంతో ఇలాంటి తగాదా తరచుగా వినిపిస్తోంది. దీని వెనుక ఉన్న కారణాలు సాంకేతికమైనవే అయినా అర్థం కానంత కష్టమైనవి కావు.

క్లుప్తంగా

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. అందువల్ల తెర మీద కనిపించే కొన్ని రంగులు కాగితం మీదికి రానే రావు. తెలుగు లిపికి రెండు అదనపు ప్రమాదాలున్నాయి. ఫాంటు చిక్కుల్లో ఒత్తులు విడిపోతాయి, నాలుగు రంగుల నలుపులో పడితే అవే ఒత్తులు పూడిపోతాయి. పేజీ కొలత, అంచు, ఫోటో నాణ్యతల్లో వచ్చే పొరపాట్లను చిన్న లెక్కతో ముందే పట్టుకోవచ్చు. ఒకప్పుడు ప్రెస్సు లోపల నలుగురు చేసిన పరీక్ష ఇప్పుడు ఫైలు తయారుచేసే ఒక్కరి మీద పడింది.

పని ప్రెస్సు గడప దాటిన తీరు

పేజీ ఒకచోట తయారై, అచ్చు మరోచోట జరగడం విశాఖకు కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇక్కడే ఉండి సువార్తలను తెలుగు చేశారు. వాటిలో మూడు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి అనువాదకులిద్దరూ కన్నుమూశారు. రాసినవారి చేతి నుంచి వెళ్లిన ప్రతి ఒక్కటే అచ్చు వేసేవారితో మాట్లాడింది. నేడు విశాఖ నుంచి విజయవాడకో, హైదరాబాద్‌కో పుస్తకం, శివకాశికి క్యాలెండరు పంపేటప్పుడు జరిగేదీ అదే. ఫైలులో లేని మాట ప్రెస్సుకు చేరదు.

సీసపు అక్షరాల కాలంలో రాతప్రతిని పేజీగా మార్చే పని అంతా ప్రెస్సులోనే జరిగేది. కంపోజిటర్ అక్షరాలు పేర్చేవాడు, ప్రూఫ్ రీడర్ దిద్దేవాడు, మెషిన్ మనిషి మొదటి కాగితం చూసి ఒత్తిడి సరిచేసేవాడు. 1984లో పేజీని ప్రింటరుకు వివరించే పోస్ట్‌స్క్రిప్ట్ భాష, 1985లో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ రాకతో పేజీ కూర్పు కంప్యూటర్‌కు మారింది. అలా పుట్టుకొచ్చిన డీటీపీ కేంద్రాలు ప్రెస్సుకు బయట ఉండేవి. అయినా ఫిల్ము దశ ఒకటి మిగిలింది. నాలుగు రంగుల ఫిల్ములను వెలుగు బల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచి చూసేవారు. తెగిన అక్షరం, తప్పిపోయిన బొమ్మ అక్కడ దొరికిపోయేవి. కంప్యూటర్ నుంచి నేరుగా అల్యూమినియం ప్లేటు మీదికి వెళ్లే సీటీపీ యంత్రాలు వచ్చాక ఆ బల్ల కూడా పోయింది.

ప్రతి మార్పులోనూ ఖర్చు, సమయం ఆదా అయ్యాయి. దానితోపాటు తప్పు పట్టుకునే ఒక జత కళ్లు కూడా తగ్గాయి. ఇప్పుడు పేజీ తయారుచేసే పని ఫోను యాప్ దాకా వచ్చింది, ఆ పనికి కావలసిన తెలివిడి మాత్రం చాలావరకు ప్రెస్సులోనే ఉండిపోయింది. నష్టాలన్నిటికీ మూలం ఈ దూరమే.

నీలం ఎందుకు నిలవదు?

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగులు పుట్టిస్తుంది. దీన్నే ఆర్‌జీబీ అంటారు. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు. అచ్చులో తెలుపు కాగితానిది. దాని మీద పడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు వెలుగులో కొంత భాగాన్ని మింగేసి మిగిలినదాన్ని కంటికి పంపుతాయి. ఇది సీఎంవైకే. ఒకటి వెలుగు చేర్చే పద్ధతి, రెండోది వెలుగు తగ్గించే పద్ధతి. రెండో పద్ధతిలో అందే రంగుల పరిధి చిన్నది.

అచ్చులో నీలానికి విడిగా సిరా లేదు. సయాన్, మెజెంటా కలిస్తేనే నీలం. సిద్ధాంతం ప్రకారం మెజెంటా సిరా ఆకుపచ్చ వెలుగును మాత్రమే మింగాలి. నిజం సిరా అంత శుద్ధంగా ఉండదు, నీలం వెలుగును కూడా కొంత మింగుతుంది. అందువల్ల మిశ్రమం మందగించి ఊదా వైపు ఒరుగుతుంది. ఫోటోషాప్‌లో మొదటి నుంచీ అమర్చి ఉండే అమెరికా ముద్రణ ప్రొఫైల్‌తో తెర మీది శుద్ధ నీలాన్ని మార్చి చూస్తే సయాన్ 88, మెజెంటా 77 శాతం వస్తాయి. రెండూ దగ్గర దగ్గరగా ఉండటమే వంగపండు రంగుకు కారణం. మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువగా ఉంచితే నీలం నీలంగానే నిలుస్తుందని ఈ పనిలో ఉన్నవారు పాటించే లెక్క. సముద్రం ఫోటోలకు ఇది బాగా పనికొస్తుంది.

అన్ని రంగులకూ ఇదే గతి పట్టదు. పసుపు, కుంకుమ రంగులు సిరాల్లో సులువుగా దొరుకుతాయి. పసుపు సిరా ఎలాగూ ఉంది, దానికి మెజెంటా నిండుగా కలిపితే ఎరుపు. అందుకే సంప్రదాయ శుభలేఖ రంగులు తెర నుంచి కాగితానికి పెద్దగా నష్టపోకుండా వస్తాయి. చిలకపచ్చ, మెరిసే నారింజ, నియాన్ గులాబీ, లోతైన నీలం దెబ్బతింటాయి. బంగారు రంగు సంగతి వేరు. తెర మీద బంగారంలా కనిపించే పసుపు గోధుమ ఛాయల మేళవింపు కాగితం మీద ఆవాలు నూరినట్టు ఉంటుంది. మెరుపు కావాలంటే లోహపు సిరానో, ఫాయిల్ అచ్చో ఉండాలి. దానికి ఫైలులో ఆ భాగాన్ని ప్రత్యేక రంగుగా విడదీసి చూపాలి.

ప్రొఫైల్ విషయం చాలామంది గమనించరు. ఒకే ఆర్‌జీబీ రంగు ఏ కాగితం, ఏ యంత్రం కోసం మారుస్తున్నామన్నదాన్ని బట్టి వేర్వేరు సిరా శాతాలుగా మారుతుంది. ఆ లెక్కల పట్టికే ప్రొఫైల్. పైన చెప్పిన అమెరికా ప్రొఫైల్ అక్కడి రోల్ కాగితం యంత్రాల కోసం తయారైనది. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ షీట్ల మీద అచ్చువేసే ప్రెస్సులు ఫోగ్రా39 వంటి యూరప్ ప్రొఫైళ్లను అడగడం మామూలు. ఏది వాడాలో ప్రెస్సును అడగకుండా ఫోటోలన్నిటినీ ముందే సీఎంవైకేకు మార్చేస్తే ఒకసారి పోయిన రంగు మళ్లీ తిరిగి రాదు. అసలు ఆర్‌జీబీ ఫోటోలను దాచి ఉంచడం, మార్పును చివరి మెట్టుగా పెట్టుకోవడం క్షేమం.

నల్లటి అక్షరం, నాలుగు ప్లేట్లు

రంగు తేడా కంటికి వెంటనే తెలుస్తుంది. నలుపులో దాగే తప్పు నెమ్మదిగా బయటపడుతుంది, పుస్తకానికి ఎక్కువ చేటు చేసేది అదే. తెర మీద నలుపు అంటే మూడు వెలుగులూ ఆరిపోవడం. అదే నలుపును ఫోటోషాప్ పైన చెప్పిన ప్రొఫైల్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతం అవుతుంది. మొత్తం 300 శాతం సిరా. చూడటానికి నలుపే, కానీ అక్షరం సిరాకు ఒకటి చొప్పున నాలుగు ప్లేట్లతో నాలుగుసార్లు అచ్చవ్వాలి.

నాలుగు అచ్చులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి పడాలి. ప్రెస్సు భాషలో ఇది రిజిస్ట్రేషన్. మిల్లీమీటరులో పదో వంతు జరిగినా అక్షరం అంచున గులాబీ గీతో, పసుపు నీడో కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరం దీన్ని కొంత తట్టుకోగలదు. తెలుగు అక్షరానికి ఆ వెసులుబాటు తక్కువ. 10 పాయింట్ల అక్షరానికి పైనుంచి కిందికి దక్కే చోటు మొత్తం మూడున్నర మిల్లీమీటర్లు. అందులోనే పైన తలకట్టు, గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, కొన్నిసార్లు దాని కింద ఇంకో ఒత్తు ఇమడాలి. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద టకార, రకారాలకు దక్కేది మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఆ చోటులో నాలుగు సిరాలు కొద్దిగా పక్కకు జరిగితే ఒత్తు లోపలి తెల్లని ఖాళీ పూడిపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. ‘ఘ’, ‘ఝ’ వంటి అక్షరాలు అలికినట్టవుతాయి.

పాఠం అక్షరాలు నలుపు సిరా 100 శాతం, మిగతా మూడూ సున్నా ఉండాలన్న నియమం అందుకే పుట్టింది. అట్ట మీద పెద్ద నల్లటి పరుపు కావాలంటే మాత్రం నలుపు ఒక్కటీ చాలదు, బూడిదగా కనిపిస్తుంది. అక్కడ నలుపు కింద కొంత సయాన్ కలపడం వాడుకలో ఉంది. పెద్ద పరుపుకు సరిపోయిన నలుపు చిన్న అక్షరానికి హాని. చిన్న అక్షరానికి సరైన నలుపు పెద్ద పరుపుకు చాలదు. ఫోను యాప్‌లలో చాలావాటికి ఈ రెండు నలుపుల తేడా తెలియదు, వాటికి ఒకే నలుపు ఉంది.

ముదురు రంగు మీద తెల్లటి అక్షరాలకూ ఇదే చిక్కు, తలకిందులుగా. తెలుపు సిరా లేదు కాబట్టి చుట్టూ ఉన్న నాలుగు సిరాల మధ్య వదిలిన ఖాళీయే అక్షరం. ఏ సిరా జరిగినా ఖాళీ మూసుకుపోతుంది. 8, 9 పాయింట్ల తెలుగును ఇలా వేయడం దాదాపు ఎప్పుడూ నష్టమే. ఇక ఓవర్‌ప్రింట్ అనే అమరిక ఉంది. నల్లటి అక్షరాలకు అది మేలు చేస్తుంది, కింది రంగు మీదే నలుపు పడి అంచుల్లో తెల్లగీత రాకుండా చూస్తుంది. అదే అమరిక పొరపాటున తెల్లటి అక్షరాలకు అంటుకుంటే అవి అచ్చులో అసలు కనిపించవు. తెర మీద ఉన్న శీర్షిక ప్లేటు మీద మాయం.

బార్‌కోడ్‌కూ, క్యూఆర్ కోడ్‌కూ ఒక్క సిరా నియమమే వర్తిస్తుంది. శుభలేఖ మీద కల్యాణ మండపానికి దారి చూపే క్యూఆర్ కోడ్‌ను మెరూన్ కార్డు మీద బంగారు ఫాయిల్‌తో అచ్చువేస్తే ఫోను దాన్ని చదవలేకపోవచ్చు. తెల్లటి గడిలో, చుట్టూ ఖాళీ వదిలి, నలుపుతో వేసినదే నమ్మకమైనది.

ఒత్తు విడిపోయేదెక్కడ?

తెలుగు పుస్తకాల ఫైళ్లలో అన్నిటికంటే చిక్కైన భాగం ఇది. కారణం చరిత్రలో ఉంది. కంప్యూటర్లు ఇంగ్లీషు అక్షరాలకే చోటిచ్చిన రోజుల్లో అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు ఒక ఉపాయం పట్టాయి. తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, కొమ్మును, ఒత్తును, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గడుల్లో కూర్చోబెట్టాయి. తెర మీద తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తుల వరుస కనిపిస్తుంది. ఈ ఉపాయమే దశాబ్దాలపాటు తెలుగు పత్రికలనూ, పుస్తకాలనూ నడిపించింది. దాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు.

రెండో దారి యూనికోడ్, అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు ఉమ్మడి సంకేతాల పట్టిక. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ఇక్కడ ఫైలులో ఉండేది నిజమైన తెలుగు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలుగా నిలవ ఉంటుంది. వాటిని కలిపి ఒక్క రూపంగా గీయడం సాఫ్ట్‌వేర్ పని. సాఫ్ట్‌వేర్‌కు ఆ విద్య తెలియకపోయినా, తెలిసీ ఆ అమరిక ఆన్ చేసి లేకపోయినా అక్షరం ‘స్‌త్‌రీ’ అయిపోతుంది. ‘విశాఖపట్నం’ కాస్తా ‘విశాఖపట్‌నం’గా అచ్చవుతుంది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలుగు రాదు. దాని తర్వాతి తరం సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 కూర్పు నుంచి వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక తెలుగుకు ఈ పని చేస్తుంది. అయితే పేరాగ్రాఫ్ అమరికల్లో దాన్ని ఎంచుకోవాలి. ఇంగ్లీషు పేజీల కోసం తయారైన పాత నమూనా ఫైలులోకి తెలుగు తెచ్చి అతికించినప్పుడు ఒత్తులు విడిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇప్పుడు రచయితలు ఫోనులోనో, వర్డ్‌లోనో యూనికోడ్‌లో రాస్తున్నారు. డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల పాత ఫాంట్ల అలవాటే ఉంది. పత్రికల్లో కళ్లకు అలవాటైన అందమైన రూపాలు ఆ ఫాంట్లలోనే ఉండటం ఇందుకు ఒక కారణం. మధ్యలో కన్వర్టర్ అనే మార్పిడి సాధనం. అది చాలావరకు సరిగ్గానే మారుస్తుంది, మిగిలిన కొద్దిలోనే ప్రాణం తీస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని సంకేతం ఒకటి ఉంటుంది, రెండు హల్లులు కలిసిపోకుండా ఆపేది అదే. మార్పిడిలో అది రాలిపోతే ‘సాఫ్ట్వేర్’ మిగులుతుంది. రూపాయి గుర్తును కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది 2010లో. అంతకు ముందు తయారైన ఫాంట్లలో దానికి చోటే లేదు కాబట్టి పుస్తకం వెల దగ్గర ఖాళీ గడో, మరో గుర్తో వచ్చి కూర్చుంటుంది. ఉల్లేఖన చిహ్నాలకూ ఇదే ప్రమాదం.

అందువల్ల రాతప్రతిలో చూసిన ప్రూఫ్ మార్పిడి తర్వాత చెల్లదు. వర్డ్‌లో మూడుసార్లు చదివిన పుస్తకమైనా పేజీలుగా కూర్చాక, చివరి పీడీఎఫ్‌లో మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే. సమయం చాలదని ఈ చదువును వదిలేయడం తెలుగు పుస్తకాలకు జరుగుతున్న పెద్ద అన్యాయం. పాఠకుడు తప్పును రచయితకే అంటగడతాడు.

ఫాంటు బెడద నుంచి తప్పించుకోవడానికి అక్షరాలన్నిటినీ కర్వ్‌లుగా, అంటే గీసిన బొమ్మలుగా మార్చి పంపే పద్ధతి కోరల్‌డ్రా వాడేవారిలో ఎక్కువ. శుభలేఖకు, అట్టకు, కరపత్రానికి అది మంచి ఉపాయమే. రెండు వందల పేజీల పుస్తకానికి మాత్రం తగదు. చివరి నిమిషంలో ఒక్క అక్షరం కూడా దిద్దలేరు, ఆ ఫైలులో ఏ మాటా వెతకలేరు, సన్నటి గీతలు కాస్త లావెక్కినట్టు అచ్చయ్యే వీలుంది. పుస్తకానికి ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదగడం సరైన దారి. అక్రోబాట్ రీడర్‌లో ఫైలు వివరాల కింద ఫాంట్ల జాబితా ఉంటుంది. ప్రతి పేరు పక్కన పొదిగినట్టు సూచన ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు.

వరుసల మధ్య ఎడం సంగతి కూడా చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్లు అక్షర పరిమాణానికి 120 శాతాన్ని వరుస ఎడంగా తమంతట తామే పెడతాయి. ఇది ఇంగ్లీషు కొలత. తెలుగులో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఫాంటును బట్టి దీన్ని పెంచుకోవలసిందే.

ఫోటోలు: పిక్సెళ్ల లెక్క

ఇది సులువైన లెక్క. పుస్తకం నాణ్యత ముద్రణకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. ఏ4 పేజీ నిండా ఫోటో వేయాలంటే 2480 × 3508 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి వెళ్తుంది. పొడవు 1600 పిక్సెళ్లు మిగిలిందనుకుంటే అది 13.5 సెంటీమీటర్ల వరకే సరిగ్గా అచ్చవుతుంది. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఈ కుదింపు ఉండదు. కృత్రిమ మేధ గీసిన 1024 పిక్సెళ్ల బొమ్మ తొమ్మిది సెంటీమీటర్లకైనా చాలదు. సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి 72 అని ఉన్న అంకెను 300గా మార్చినంత మాత్రాన లేని వివరం పుట్టదు.

జగదాంబ కూడలిలో కనిపించే పెద్ద ఫ్లెక్సీకి ఇంత అక్కరలేదు, దాన్ని దూరం నుంచి చూస్తారు. ఫ్లెక్సీకి బాగా వచ్చిన ఫైలునే పుస్తకం అట్టకు ఇవ్వడం, అట్ట ఫైలునే ఫ్లెక్సీకి సాగదీయడం, రెండూ నిరాశే మిగిలిస్తాయి.

కత్తి, కొలత, పేజీల లెక్క

అచ్చయిన కాగితాల దొంతరను కత్తి ఒకేసారి కోస్తుంది. కోత ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కావడం సహజం. రంగు సరిగ్గా పేజీ అంచు దగ్గరే ఆగిపోతే కోత జరిగినచోట తెల్లటి గీత మిగులుతుంది. అందుకే రంగును ప్రతి వైపూ 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగిస్తారు. దీన్ని బ్లీడ్ అంటారు. ఏ4 పేజీ 210 × 297 మిల్లీమీటర్లయితే బ్లీడ్‌తో కలిపి 216 × 303. లోపలి వైపు కూడా అక్షరాలను అంచుకు కనీసం 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి. మొదట్లో చెప్పుకున్న సగం తెగిన అంకె ఈ జాగ్రత్త లేకపోవడం వల్లే.

తెలుగు పుస్తకాలకు బాగా వాడే డెమ్మీ 1/8 సైజు ఇంకో పొరపాటుకు దారితీస్తుంది. 18 × 23 అంగుళాల డెమ్మీ షీటును ఎనిమిది ఆకులుగా మడిస్తే ఒక్కో ఆకు 5.75 × 9 అంగుళాలు, కోత తర్వాత సుమారు 5.5 × 8.5. రచయితలు వర్డ్‌లో ఏ4 పేజీ పెట్టుకుని 12 పాయింట్లలో టైపు చేస్తారు. ఆ పేజీని అలాగే డెమ్మీలోకి కుదిస్తే వెడల్పు మూడింట రెండు వంతులవుతుంది. అక్షరం 8 పాయింట్లకు పడిపోతుంది. పైన చెప్పుకున్న ఒత్తుల గతి గుర్తు చేసుకుంటే ఆ పుస్తకాన్ని పెద్ద వయసు పాఠకులు ఎందుకు పక్కన పెడతారో తెలుస్తుంది. పేజీ కొలతను టైపింగ్ మొదలుపెట్టే ముందే నిర్ణయించుకోవాలి.

డెమ్మీ షీటుకు రెండు వైపులా కలిపి 16 పేజీలు, అదే ఒక ఫారం. పుస్తకం 98 పేజీలైతే ఆరు ఫారాలు నిండి రెండు పేజీలు మిగులుతాయి. వాటికోసం ఇంకో ప్లేటు, ఇంకో కాగితం. సెంటర్ పిన్ పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగించబడాలి. పేజీలను ఏ వరుసలో పేర్చాలన్నది ప్రెస్సు చూసుకుంటుంది కాబట్టి ఫైలులో రెండేసి పేజీలను జంటలుగా అతికించి పంపకూడదు. వెన్ను వెడల్పు కాగితం మందాన్ని బట్టి ఉంటుంది. ఆకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుంటే 200 పేజీలకు, అంటే వంద ఆకులకు, 10 మిల్లీమీటర్లు. కాగితం ఖరారు కాకముందే అట్ట పూర్తిచేస్తే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి జారుతుంది.

ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 127ఏ సెక్షన్ చెబుతోంది. డిజైన్‌లో దానికి ముందే చోటు వదలడం మేలు.

సముద్రపు గాలి, కాగితం

తీర నగరాలకు అదనంగా ఉన్న సమస్య తేమ. కాగితం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. కాగితంలోని పోగుల వరసకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఒక రంగు అచ్చయి రెండో రంగుకు వెళ్లేలోగా షీటు రవ్వంత సాగితే రిజిస్ట్రేషన్ తప్పుతుంది. ఒకేసారి నాలుగు రంగులు వేసే యంత్రంలో ఈ ప్రమాదం తక్కువ. రెండు విడతలుగా రెండేసి రంగులు వేసే యంత్రంలో ఎక్కువ. ఏసీ గదుల్లో కాగితాన్ని నిలవ ఉంచే ప్రెస్సుకూ, వీధి వైపు తలుపులు తెరిచి ఉండే ప్రెస్సుకూ వానాకాలంలో తేడా తెలుస్తుంది. ఫైలు తయారుచేసేవారు వాతావరణాన్ని మార్చలేరు. నాలుగు రంగుల సన్నటి అక్షరాలను తప్పిస్తే మాత్రం ఆ తేడా పాఠకుడి కంట పడదు.

తేమ గాలిలో సిరా ఆరడమూ ఆలస్యమే. ఆర్ట్ పేపర్ మీద నాలుగు సిరాల మొత్తం 300 శాతానికి, న్యూస్‌ప్రింట్ మీద 220–240కి మించకుండా చూడమనడం ఇందుకే. మించితే తడి ఆరని సిరా పై షీటు వెనుక వైపు అంటుకుంటుంది. అచ్చులో ఛాయలు సన్నటి సిరా చుక్కలతో ఏర్పడతాయి, కాగితం పీల్చే గుణం వల్ల ఆ చుక్క కూడా వ్యాపిస్తుంది. ఫైలులో 50 శాతం ఉన్న చుక్క ఆర్ట్ పేపర్ మీద 65 దరిదాపుల్లో, న్యూస్‌ప్రింట్ మీద 75 దరిదాపుల్లో అచ్చవుతుంది. పత్రికలో ముఖాలు నల్లబడటానికి కారణం ఇదే. ఒకే ఫోటోను ఆర్ట్ పేపర్ అట్టకూ, పూత లేని లోపలి మ్యాప్‌లిథో పేజీకీ వాడేటప్పుడు రెండోదాన్ని కాస్త వెలుగు పెంచి ఇవ్వాలి.

ఏ పీడీఎఫ్?

పీడీఎఫ్ అన్నంత మాత్రాన అచ్చుకు సిద్ధమైనట్టు కాదు. ముద్రణ కోసం పీడీఎఫ్/ఎక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. 2001 నాటి ఎక్స్-1ఏలో రంగులన్నీ సీఎంవైకే లేదా ప్రత్యేక సిరాలుగా ఉండాలి, ఫాంట్లు పొదిగి ఉండాలి, పారదర్శక పొరలు ఉండకూడదు. తర్వాత వచ్చిన ఎక్స్-4 పొరలను అనుమతిస్తుంది, ప్రొఫైల్ జతచేసిన ఆర్‌జీబీ ఫోటోలనూ ఒప్పుకుంటుంది. పాత యంత్రాలున్న ప్రెస్సుకు మొదటిది, కొత్త వ్యవస్థ ఉన్నచోటికి రెండోది. అడిగి తెలుసుకోవడమే దారి.

తప్పు భారం ఎవరిది?

ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో నాలుగు రంగుల ఫారానికి ఒక్కో వైపుకు నాలుగు ప్లేట్లు. ప్లేటు వేశాక ఒక్క అక్షరం మార్చినా ఆ ప్లేటు పోయినట్టే. కాగితం మీద అచ్చయ్యాక తెలిస్తే నష్టం అంతకు ఎన్నో రెట్లు. డిజిటల్ ముద్రణలో ప్లేట్లు లేవు, ఒక్క ప్రతిని వేసి చూసుకోవచ్చు. ప్రతులు తక్కువైనప్పుడు అది మేలు, వందలు దాటి వేలకు వెళ్తే ఆఫ్‌సెట్ చవక. ఆఫ్‌సెట్‌కు వెళ్లే పుస్తకాన్ని ముందుగా ఒక్క ప్రతి డిజిటల్‌లో తీయించి చదవడం కొందరు ప్రచురణకర్తల పద్ధతి. ఖర్చు స్వల్పం, ఫలితం పెద్దది. రంగులు కచ్చితంగా అలాగే రావు కానీ పేజీలు, ఒత్తులు, కోతలు అన్నీ తేలిపోతాయి.

ప్రెస్సులు ప్రింట్ ఆర్డర్ మీద సంతకం తీసుకోవడం ఈ తగాదాల వల్లే. ఆ సంతకంతో బాధ్యత వేయించుకునేవారిదవుతుంది. అందుకని దాన్ని ఫోను తెర మీద చూసి ఇచ్చే అనుమతితో సమానం చేయడం న్యాయం కాదు. ఫోను తెర నాలుగు సిరాలను విడివిడిగా చూపదు. ఫైలును అందుకున్నప్పుడే పరీక్షించి, తప్పులను కాగితం మీద రాసి తిరిగి పంపే ప్రెస్సు కొంచెం ఎక్కువ తీసుకున్నా చవకే.

ఆ పరీక్షను ఫైలు తయారుచేసినవారే ముందుగా చేసుకోవచ్చు. అక్రోబాట్ ప్రోలోనూ, ఇన్‌డిజైన్‌లోనూ సెపరేషన్స్ అనే పలక ఉంది. అందులో నాలుగు సిరాలను విడివిడిగా ఆపి, వెలిగించి చూడవచ్చు. మొదట సయాన్, మెజెంటా, పసుపు మూడూ ఆపాలి. పాఠంలోని అక్షరాలు ఏ మార్పూ లేకుండా గట్టి నలుపుతో అలాగే నిలవాలి. తర్వాత ఆ మూడూ వెలిగించి నలుపు ఒక్కటే ఆపాలి. ఇప్పుడు పాఠమంతా మాయం కావాలి. ఒత్తుల చోట గోధుమ నీడలా ఏదైనా మిగిలి కనిపిస్తే ఆ పేజీ ప్లేటుకు వెళ్లే స్థితికి ఇంకా రాలేదన్నమాట.